లక్షమంది తరగతిలో పాఠం ఎవరిది?

'మూక్' అన్న మాట వినగానే ఇదేదో కంప్యూటరువాళ్ల వ్యవహారం, మనకెందుకులే అనుకోవడం సాహిత్యకారులకు అలవాటైపోయింది. కాని ఒక పాఠ్యక్రమాన్ని ఎవరు కూర్చారు, ఎవరిని ఉద్దేశించి కూర్చారు, అందులో ఎవరి గొంతు వినిపిస్తుంది, ఎవరిది వినిపించదు అన్న ప్రశ్నలు సాహిత్య విమర్శకు పరాయివి కావు. నవల గురించీ నాటకం గురించీ మనం అడిగే ప్రశ్నలే ఇవి. వేలాదిమంది విద్యార్థులు ఒకే వీడియో చూసి, ఒకే ప్రశ్నపత్రానికి జవాబులు గుర్తించి, ఒకే వ్యాఖ్యానాన్ని మోసుకుని బయటికివచ్చే ఏర్పాటు ఉన్నత విద్యలో స్థిరపడుతున్నది. ఆ ఏర్పాటు రూపాన్నీ వస్తువునీ పరిశీలించవలసిన బాధ్యత విమర్శకుడిమీద కూడా ఉంది.

భారీ, బహిరంగ, ఆన్‌లైన్, కోర్సు అనే నాలుగు మాటలకు సరిపోయే ఇంగ్లీషు పదాల మొదటి అక్షరాలు కలిపితే 'మూక్' అయింది. 2008లో కెనడాకు చెందిన డేవ్ కార్మియర్ ఈ పేరు పెట్టాడు. తెలుగులో దాని పక్కనే 'మూక' అన్న మాట ఉండడం యాదృచ్ఛికమే. అయినా మూకను సమూహంగా మార్చడం ఎలాగన్నదే ఈ విషయంలో అసలు చిక్కు. నాలుగు మాటల్లో ఏ ఒక్కటీ వివాదం లేకుండా నిలబడలేదు. ముఖ్యంగా 'బహిరంగ' అన్న మాట ఎన్ని అర్థాలు మార్చుకుందో ముందుముందు చూస్తాం.

ఆ పేరు పుట్టిన కోర్సుకూ, తర్వాత ఆ పేరుతో ప్రపంచమంతా చలామణీ అయిన కోర్సులకూ పోలిక తక్కువ. 2008లో మానిటోబా విశ్వవిద్యాలయం తరపున జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ నడిపిన కోర్సులో ఫీజు కట్టి చేరినవారు పాతికమంది. ఉచితంగా చేరినవారు రెండువేల పైచిలుకు. అందులో పాఠం ఒకచోట పోగుపడి ఉండదు. చేరినవాళ్లు ఎవరికి వీలైనచోట వారు రాసేవారు, ఒకరి రాతలకు మరొకరు జవాబు చెప్పేవారు, వాటినన్నిటినీ ఏరి నిర్వాహకులు రోజూ ఒక లేఖగా పంపేవారు. అధ్యాపకుడు అక్కడ ఉపన్యాసకుడు కాడు, సంపాదకుడు. చిన్న పత్రిక నడిపిన అనుభవం ఉన్న మనవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. దాని బలహీనత కూడా చిన్న పత్రికల బలహీనతే: ముందే కొంత చదువుకున్నవాడు, రాయడానికి జంకనివాడు అందులో ఈదగలడు, మొదటిసారి నీళ్లలో దిగినవాడికి ఒడ్డు కనపడదు.

2011లో స్టాన్‌ఫర్డ్‌లో సెబాస్టియన్ త్రన్, పీటర్ నార్విగ్ కృత్రిమ మేధ గురించి చెప్పిన కోర్సును ఉచితంగా తెరిస్తే లక్షా అరవైవేల మంది పేరు నమోదు చేసుకున్నారు. చివరిదాకా వచ్చినవారు ఇరవైవేల పైచిలుకు. ఆ అంకె చూసి పెట్టుబడి పరుగెత్తుకొచ్చింది. 2012లో యుడాసిటీ, కోర్సెరా అనే కంపెనీలు వెలిశాయి. అదే ఏడు హార్వర్డ్, ఎం.ఐ.టి. చెరి మూడుకోట్ల డాలర్లు వేసుకుని లాభాపేక్షలేని సంస్థగా ఎడ్‌ఎక్స్‌ను స్థాపించాయి. అక్కడినుండి మూక్ అంటే ఒక పేరుమోసిన ఆచార్యుడు, కొన్ని వీడియో ముక్కలు, ముక్కకూ ముక్కకూ మధ్య యంత్రం దిద్దే ప్రశ్నలు, చివర ఒక సర్టిఫికెట్ అన్న నమూనా ఖాయమైపోయింది. 2008 నాటి కోర్సులోని ఒకరితో ఒకరికి సంబంధం అన్నది అనుబంధంగా, 'చర్చావేదిక' అన్న పేరుతో ఒక మూలన మిగిలింది.

తర్వాతి చరిత్రను క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. మొదట ఉచితంగా ఇచ్చిన సర్టిఫికెట్లకు ధర వచ్చింది. తర్వాత చాలా కోర్సుల్లో పరీక్షలకూ ధర వచ్చింది. 2021లో కోర్సెరా వాటాలు స్టాక్ మార్కెట్టుకెక్కాయి. అదే సంవత్సరం ఎడ్‌ఎక్స్‌ను ఎనభైకోట్ల డాలర్లకు టూయూ అనే కంపెనీ కొన్నది. 2024లో ఆ కంపెనీ దివాలా కోర్టుకెళ్లింది. 'బహిరంగ' అన్న విశేషణం పదేళ్లు నిండకముందే 'చూడడానికి బహిరంగం, ధ్రువపత్రానికి రొక్కం' అన్న అర్థానికి దిగింది.

ఈ కోర్సుల్లో ఎవరు చదువుతున్నారు? హార్వర్డ్, ఎం.ఐ.టి. కలిసి తమ మొదటి 17 కోర్సుల లెక్కలను 2014లో ప్రకటించాయి. నమోదులు 8,41,687. సర్టిఫికెట్లు 43,196. అంటే నూటికి అయిదు. ఈ అంకెను పట్టుకుని మూక్‌లను వెక్కిరించడం ఫ్యాషనైంది కాని, అది అంత న్యాయమైన విమర్శ కాదు. గ్రంథాలయంలో పుస్తకం తీసి నాలుగు పేజీలు తిరగేసి పెట్టేసినవాడిని మనం 'ఫెయిలయ్యాడు' అనం గదా! అసలు విమర్శ మరోచోట ఉంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం తన కోర్సెరా విద్యార్థులను 2013లో సర్వే చేస్తే నూటికి ఎనభైమంది అప్పటికే డిగ్రీలున్నవారు. మనలాంటి దేశాలనుండి చేరినవారైతే సమాజంలో పైమెట్టున ఉన్న కొద్ది శాతంనుండి వచ్చినవాళ్లే. చదువు లేనివాడికి చదువు అందిస్తామని బయలుదేరిన బండి చదువుకున్నవాడి ఇంటిముందే ఆగింది. ఇది యంత్రం చేసిన పొరపాటు కాదు. కోర్సు కట్టడంలోనే ఉన్న విషయం. ఒంటరిగా, ఇంగ్లీషులో, ఎవరూ పలకరించకుండా, వారంవారం తనంతట తాను చదువుకోగలవాడు ఎవడు? చదవడం ఎలాగో ముందే నేర్చుకున్నవాడు.

దూరవిద్య ఇంతకుముందు ఇలా ఉండేది కాదు. ఇక్కడ కొంచెం ఆగి వెనక్కి చూడాలి.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇంగ్లండులో రేమండ్ విలియమ్స్ పదిహేనేళ్లపాటు వయోజనుల సాయంకాలపు తరగతులకు పాఠాలు చెప్పాడు. ఇ.పి. థాంప్సన్ లీడ్స్ విశ్వవిద్యాలయం తరపున యార్క్‌షైర్‌లో కార్మికులకూ గృహిణులకూ చెప్పాడు. 1963లో వచ్చిన ఇంగ్లీషు శ్రామికవర్గ చరిత్ర గ్రంథం ముందుమాటలో, ఆ తరగతుల్లోని వారినుండి తాను నేర్చుకున్న సంగతిని థాంప్సన్ చెప్పుకున్నాడు. పుస్తకం తరగతికి వెళ్లడం అందరూ ఎరిగిందే. తరగతినుండి పుస్తకం రావడం అక్కడ జరిగింది. ఈ వాతావరణం నుంచే ఓపెన్ యూనివర్సిటీ ఆలోచన బలం పుంజుకుంది. 1963లో హెరాల్డ్ విల్సన్ ప్రస్తావించిన ఆలోచనకు రూపం ఇచ్చి, అధికారుల వ్యతిరేకతను ఎదిరించి నిలబెట్టిన మంత్రి జెన్నీ లీ, స్కాట్లండు బొగ్గుగని కార్మికుడి కూతురు. 1969లో చార్టర్ వచ్చింది. 1971 జనవరిలో ఇరవైనాలుగు వేలమంది దాకా మొదటి విద్యార్థులు చదువు మొదలుపెట్టారు. ప్రవేశానికి పాత మార్కులు అడగలేదు.

ఆ విశ్వవిద్యాలయం కనిపెట్టిన వాటిలో రేడియో, టెలివిజన్ వాడకం కన్నా గొప్పది 'కోర్సు బృందం' అన్న పద్ధతి. ఒక పాఠ్యక్రమాన్ని ఒక ఆచార్యుడు రాయడు. ఆ శాస్త్రానికి చెందిన కొందరు అధ్యాపకులు, బి.బి.సి. నిర్మాత, బోధనాపద్ధతులు తెలిసిన నిపుణుడు, భాషా సంపాదకుడు, బొమ్మలూ అచ్చూ చూసే డిజైనరు, ప్రాంతాల్లో విద్యార్థులను ఎరిగిన ట్యూటర్ల ప్రతినిధి ఒక బల్లచుట్టూ కూర్చుంటారు. ఒకరు రాసిన పాఠం ముసాయిదాను మిగతావారంతా చదివి చీల్చి చెండాడతారు. తిరగరాస్తారు. మళ్లీ చర్చిస్తారు. బయటి విశ్వవిద్యాలయానికి చెందిన పరీక్షకుడు ఒకరు దాన్ని చూస్తారు. విశ్వవిద్యాలయపు ఆచార్యుడు తన పాఠాన్ని సహోద్యోగుల ముందు పరచి, 'ఇది అర్థం కావడం లేదు, ఈ పేరా మీరు విద్యార్థికోసం రాశారా, మీకోసం రాసుకున్నారా?' అని అడిగించుకోవడం అంతవరకూ దాదాపు లేదు. తరగతిగది తలుపు మూశాక ఏం చెప్పినా అడిగేవాడు లేని స్వేచ్ఛకు అలవాటుపడిన వృత్తి ఇది. ఆ స్వేచ్ఛలో కొంత వదులుకుంటేనే సామూహిక రచన సాధ్యమవుతుంది. రచయితల సంఘాల్లో కథను చదివి వినిపించి విమర్శ పడ్డవాళ్లకు ఆ బాధా తెలుసు, ఆ లాభమూ తెలుసు.

ఇలా తయారైన కోర్సుల్లో సాహిత్య విద్యార్థులు తెలుసుకోదగింది 1982లో మొదలైన 'పాపులర్ కల్చర్'. టోనీ బెనెట్ ఆ బృందానికి నాయకుడు. 1979లో ఓపెన్ యూనివర్సిటీలో చేరిన స్టూవర్ట్ హాల్ కూడా అందులో పనిచేశాడు. సినిమా, టెలివిజన్, జనం పాడుకునే పాటలు, సెలవు దొరికితే కార్మిక కుటుంబాలు పోయే సముద్రతీరం – వీటిని విశ్వవిద్యాలయ పాఠంగా పెట్టారు. గ్రాంసీ ఆలోచనలను డిగ్రీ లేని వయోజనులకు అందేలా ఎలా చెప్పాలన్నది అక్కడ సిద్ధాంత ప్రశ్న మాత్రమే కాదు, వాక్యనిర్మాణం ప్రశ్న కూడా. సంస్కృతీ అధ్యయనాలలో ఈనాడు మనం ఉటంకించే వ్యాసాలు కొన్ని దూరవిద్య పాఠాల పనిలోంచే పుట్టాయి. పరిశోధన వేరు, పాఠం రాయడం వేరు, అది తక్కువ పని అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఈ పద్ధతి ఖర్చుతో కూడుకున్నది, ఆలస్యమైనదీ. ఒక కోర్సు తయారుకావడానికి రెండు మూడేళ్లు పట్టేది. తయారయ్యాక త్వరగా మార్చడం కష్టం. కాని దాని ఆర్థిక నిర్మాణంలో రెండు సగాలు ఉన్నాయన్నది మనం గమనించాలి. మొదటి సగం తయారీ ఖర్చు: అది ఎంతమంది చదివినా ఒకటే. కాబట్టి విద్యార్థులు పెరిగేకొద్దీ తలసరి ఖర్చు తగ్గుతుంది. రెండో సగం ట్యూటరు ఖర్చు: విద్యార్థి రాసిన వ్యాసం ఒక మనిషికి చేరుతుంది, ఆ మనిషి మార్కులు వేయడమే కాక మార్జిన్‌లో వ్యాఖ్యలు రాసి పంపుతాడు. దిద్దడమే బోధన. ఇది విద్యార్థులు పెరిగేకొద్దీ పెరిగే ఖర్చు. 2012 తర్వాత వచ్చిన మూక్ కంపెనీలు మొదటి సగాన్ని తీసుకుని రెండో సగాన్ని వదిలేశాయి. మొదటి సగంలోనూ బృందాన్ని కుదించి 'తార'ను ముందు నిలబెట్టాయి. నూటికి అయిదుగురు గట్టెక్కడంలో ఆశ్చర్యమేముంది!

మరి లక్షమందికి ట్యూటరును పెట్టగలమా? పెట్టలేం. అయితే లక్షమందిలోని మనుషులే ఒకరికొకరు ట్యూటర్లు కాగలరా అన్నది సహకార పద్ధతి వేసే ప్రశ్న. దీనికి సాహిత్యరంగం నుంచే ఒక మంచి జవాబు వచ్చింది.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆల్ ఫిల్రైస్ అనే ఆచార్యుడు 2012 సెప్టెంబరులో కోర్సెరాలో ఆధునిక అమెరికన్ కవిత్వం మీద కోర్సు మొదలుపెట్టాడు. ముద్దుపేరు 'మాడ్‌పో'. మొదటిసారి ముప్పైవేలకు పైగా చేరారు. పది వారాలు. ఎమిలీ డికిన్సన్, వాల్ట్ విట్మన్‌లతో మొదలై ఇటీవలి ప్రయోగవాద కవులదాకా సాగుతుంది. ఇందులో ఉపన్యాసం లేదు. వీడియోలో ఒక బల్ల. దానిచుట్టూ ఫిల్రైస్, అతని విద్యార్థులు ఏడెనిమిదిమంది. కవిత ఎదుట ఉంటుంది. ఆయన ఒక్కొక్కరినీ అడుగుతాడు: ఈ మాట ఇక్కడెందుకుంది? ఒకరు ఏదో చెబుతారు, ఇంకొకరు కాదంటారు, మొదటివాడు మాట మార్చుకుంటాడు, కొన్నిసార్లు ఎవరికీ తేలదు. తేలనిదాన్ని అలాగే వదిలి ముందుకు పోతారు. చూసేవాడికి అందేది వ్యాఖ్యానం కాదు, వ్యాఖ్యానించే పని. మన తరగతుల్లో పద్యానికి 'తాత్పర్యం' చెప్పి విద్యార్థిచేత రాయించే అలవాటుకు ఇది పూర్తిగా వ్యతిరేకం. తాత్పర్యం ఒకసారి చేతికొచ్చాక పద్యంతో విద్యార్థికి పనేముంది?

విద్యార్థులు నాలుగు చిన్న వ్యాసాలు రాయాలి. వాటిని యంత్రం దిద్దదు, తోటి విద్యార్థులు చదువుతారు. తను రాసినవాడు ఇతరులవి కొన్ని చదివి వ్యాఖ్య రాయాలి. ఆ వ్యాఖ్యానానికి ముందుగా కొన్ని ప్రశ్నలు ఇస్తారు: వ్యాసకర్త కవితలోని ఏ మాటలను పట్టించుకున్నాడు, దేన్ని వదిలేశాడు అన్న తరహాలో. వారానికొకసారి కెల్లీ రైటర్స్ హౌస్ అనే రచయితల ఇంటినుండి ప్రత్యక్షప్రసారం ఉంటుంది. దానికి ఎవరైనా స్వయంగా రావచ్చు, ఫోన్ చేసి మాట్లాడవచ్చు. పాత విద్యార్థులు మరుసటి ఏడు కొత్తవారికి సాయపడతారు. ఏళ్లు గడిచినా కోర్సు నడవడానికి కారణం వీడియోల నాణ్యత కాదు. ఆ పాత విద్యార్థులు.

మాడ్‌పోకు పరిమితులు లేకపోలేదు. అది ఒక సంపన్న విశ్వవిద్యాలయం గొడుగు కింద, ప్రపంచభాషగా చలామణీ అవుతున్న ఇంగ్లీషులో, ఒక ప్రత్యేక కవితా సంప్రదాయాన్ని ఇష్టపడే ఆచార్యుడి అభిరుచి ప్రకారం నడుస్తుంది. చరిత్ర నేపథ్యం కన్నా కవితలోని మాటలమీద దృష్టి ఎక్కువ. సామాజిక నేపథ్యం లేకుండా కవితను చదవడం సాధ్యమా అన్న మన పాత వాదన అక్కడా లేవనెత్తవచ్చు. కాని రూపం విషయంలో నేర్చుకోవలసింది దానినుండే.

సహకారం అన్న మాటను ఊరికే వల్లించినంత మాత్రాన అది జరగదనడానికి కూడా ఉదాహరణ ఉంది. 2013 ఫిబ్రవరిలో జార్జియా టెక్ వారు కోర్సెరాలో ఆన్‌లైన్ విద్యను ఎలా రూపొందించాలన్న విషయంమీదే ఒక కోర్సు ప్రారంభించారు. చేరినవారు నలభైవేల మంది దాకా. జట్లుగా ఏర్పడండి అని ఒక ఉమ్మడి పట్టికను తెరిచిపెట్టి అందులో పేర్లు రాసుకోమన్నారు. వేలమంది ఒక్కసారే దానిమీద పడేసరికి పట్టిక కుప్పకూలింది; ఒకరు రాసింది మరొకరు చెరిపేశారు. వారం తిరక్కుండానే కోర్సును నిలిపివేశారు. ఊరి పెళ్లికి పిలిచి ఒకే విస్తరి వేసినట్టయింది. జట్టు అంటే పదిమంది, పదిహేనుమంది. వారికి ఒక పని ఉండాలి, గడువు ఉండాలి, పిలిస్తే పలికే ఒక మనిషి ఉండాలి. లక్షమందిని కలపడం అంటే పదేసిమంది జట్లు పదివేలు కట్టడం. కోర్సు రూపకర్త పనిలో సగం ఇదే.

సహకారానికి మరో ముఖం అధ్యాపకుల మధ్య సహకారం. ఇందులో ఉన్నది వట్టి బోధనాపద్ధతి కాదు, బతుకుతెరువు కూడా. 2013 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ తత్వశాస్త్ర శాఖవారు హార్వర్డ్ ఆచార్యుడు మైఖేల్ శాండెల్‌కు బహిరంగలేఖ రాశారు. న్యాయం గురించి ఆయన చెప్పిన ప్రసిద్ధ ఎడ్‌ఎక్స్ కోర్సును తమ తరగతుల్లో వాడాలని వచ్చిన ప్రతిపాదనను వారు తిరస్కరించారు. వారి వాదన సూటిగా ఉంది: సంపన్నుల పిల్లలకు ఎదుట నిలబడి మాట్లాడే ఆచార్యుడు, పేదల పిల్లలకు ఆయన బొమ్మ – ఇలా రెండు తరగతుల విశ్వవిద్యాలయాలు తయారవుతాయి, సామాజిక న్యాయం గురించి దేశమంతా ఒకే పాఠం వినడం భయం గొలిపే సంగతి. తన వీడియోలు తోటి అధ్యాపకులకు నష్టం కలిగించడానికి వాడడం తనకూ ఇష్టం లేదని శాండెల్ జవాబిచ్చాడు. అదే విశ్వవిద్యాలయంలో ఆ వసంతంలో యుడాసిటీ సహాయంతో గణితం, సంఖ్యాశాస్త్రం కోర్సులను ఆన్‌లైన్‌లో నడిపితే చాలామంది తప్పారు. జులైలో ఆ ప్రయోగాన్ని ఆపవలసివచ్చింది. వెనకబడిన విద్యార్థికి వీడియో ఇచ్చి మనిషిని తీసేస్తే ఏమవుతుందో అది చూపించింది.

తిరస్కరించడంతో ఆగకుండా మరో నమూనాను కట్టినవారు స్త్రీవాదులు. ఆన్ బాల్సమో, అలెగ్జాండ్రా యుహాస్ చొరవతో ఏర్పడిన ఫెమ్‌టెక్‌నెట్ అనే అధ్యాపకుల బృందం 2013లో పదిహేను దాకా విద్యాసంస్థల్లో ఒకేసారి ఒక కోర్సు నడిపింది. దాన్ని వారు మూక్ అనలేదు. 'పంపిణీ అయిన, బహిరంగ, సహకార కోర్సు' అన్నారు. వారానికొక ఇతివృత్తం. దానిమీద ఇద్దరు స్త్రీల సంభాషణ వీడియో అందరికీ ఉమ్మడి. ఆపైన ఏ కళాశాల అధ్యాపకురాలు తన విద్యార్థులకు తగ్గట్టు తన పాఠం తాను కట్టుకుంటుంది. ఒక కళాశాల విద్యార్థుల పని మరో కళాశాలకు పాఠ్యవస్తువు అవుతుంది. వికీపీడియాలో లేని స్త్రీల కృషిని ఎక్కించడం అభ్యాసాల్లో ఒకటి. కేంద్రం ఒకటి కాక పదిహేను. ఇక్కడ వీడియో అధ్యాపకుడి స్థానంలోకి రాలేదు, అధ్యాపకురాలి బల్లమీదికి వచ్చింది. నా అంచనాలో మన పరిస్థితులకు మాడ్‌పోకన్నా ఇది దగ్గర.

మన పరిస్థితులేమిటి? దూరవిద్యలో మనం వెనకబడినవాళ్లమేమీ కాదు. 1975–76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టెలివిజన్ పాఠాలు పంపిన ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ ఉంది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే పుట్టింది. ఈనాటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. దాని మొదటి ఉపకులపతి జి. రాంరెడ్డి తర్వాత జాతీయస్థాయిలో ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయాన్ని నిర్మించారు. తెలుగులో శాస్త్ర విషయాలకు పాఠాలు రాయించిన అనుభవం, పారిభాషిక పదాలకోసం కొట్టుకున్న అనుభవం అక్కడ ఉంది.

2017 జులైలో కేంద్రప్రభుత్వం 'స్వయం' వేదికను ప్రారంభించింది. అందులో కోర్సుకు నాలుగు పాదాలు ఉండాలని నియమం: వీడియో పాఠం, చదువుకునే పాఠ్యం, చర్చావేదిక, మదింపు. కాగితం మీద మంచి నియమమే. యు.జి.సి. 2016లో ఒక సెమిస్టరు కోర్సుల్లో అయిదోవంతు వరకూ, 2021లో నలభైశాతం వరకూ ఇలా చదివి క్రెడిట్లు పొందడానికి అవకాశమిచ్చింది. దీనితో ఇది సరదా వ్యవహారంగా ఉండడం మానేసింది. పది కళాశాలల్లో ఒక ఐచ్ఛిక పాఠ్యాంశాన్ని స్వయం కోర్సుతో సరిపెట్టగలిగినప్పుడు ఆ పదిచోట్లా తెలుగు అధ్యాపకుడి ఖాళీ ఎందుకు నింపాలి అన్న ప్రశ్న ఏ పాలకవర్గానికైనా రాకపోదు. నాలుగు పాదాల్లో మొదటిదీ నాలుగోదీ మాత్రమే బలంగా ఉండి, చర్చావేదికలో 'సార్, పరీక్ష ఎప్పుడు?' అన్న ప్రశ్న తప్ప మరొకటి కనిపించకపోతే అది కుంటి గుర్రమే.

సాహిత్య కోర్సులో నాణ్యత అంటే కెమెరా నాణ్యత కాదు. ఎడ్‌ఎక్స్ వీడియోలను విద్యార్థులు చూసిన సందర్భాలను లక్షల సంఖ్యలో పరిశీలించిన 2014 నాటి ఒక అధ్యయనం ఆరు నిమిషాలు దాటితే చూసేవారి శ్రద్ధ పడిపోతుందని చెప్పింది. దాన్ని పట్టుకుని పాఠాన్ని ఆరేసి నిమిషాల ముక్కలుగా నరికే పద్ధతి వచ్చింది. కాని 2015లో వచ్చిన మరో అధ్యయనం అంతకన్నా విలువైన మాట చెప్పింది: వీడియో చూడడంకన్నా అభ్యాసం చేయడం వల్ల కలిగే ఫలితం దాదాపు ఆరింతలు. అంటే రూపకర్త మొదట ఆలోచించవలసింది ఏం చెప్పాలని కాదు, ఏం చేయించాలని.

ఉదాహరణకు 'కన్యాశుల్కం' మీద ఎనిమిది వారాల కోర్సు కట్టాలనుకుందాం. చేతికొచ్చిన పద్ధతి ఇలా ఉంటుంది: గురజాడ జీవితం, సంఘసంస్కరణ, పాత్రచిత్రణ, హాస్యం, భాష – ఒక్కొక్కదానిపై ఉపన్యాసం. చివర ప్రశ్న: మధురవాణి ఏ నాటకంలోని పాత్ర? నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించండి. బజారులో దొరికే గైడుకు బొమ్మలు కదలడం నేర్పితే ఇది వస్తుంది.

బృందంగా కడితే మొదటి సమావేశంలోనే తగాదా రావాలి. నాటకం 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో దాదాపు కొత్త రచన అన్నంతగా మారి మళ్లీ వచ్చింది. ఏ కూర్పు చదివించాలి? రెండూ అంటే విద్యార్థిచేత ఒక రంగాన్ని పక్కపక్కన పెట్టి పోల్చించవచ్చు. రచయిత ఏది పెంచాడు, ఎందుకు పెంచాడు అన్నది ఏ గైడులోనూ దొరకని పని. ఇది సంస్కరణ నాటకమా, సంస్కర్తలనే వెక్కిరించే నాటకమా? ఈ విషయంలో విమర్శకులు ఏకాభిప్రాయానికి రాలేదు. అలాంటప్పుడు కోర్సు ఏదో ఒక పక్షం పలకడం కన్నా, ఇద్దరు విమర్శకులను ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒక రంగాన్ని చదివించి, ఎక్కడ విడిపోతారో చూపించడం నిజాయితీ. విజయనగరం మాటతీరు తెలిసిన నటుడు బృందంలో లేకపోతే సంభాషణల సొగసు సగం పోతుంది. తెలంగాణ విద్యార్థి, రాయలసీమ విద్యార్థి అదే సంభాషణను తమ మాటలోకి మార్చి చదివి రికార్డు చేసి పంపితే – వ్యావహారిక భాష అంటే ఎవరి వ్యావహారికం అన్న చర్చ ఉపన్యాసం లేకుండానే మొదలవుతుంది. బడుగు గ్రామంలోని విద్యార్థికి వీడియో అందకపోవచ్చు. ధ్వని మాత్రమే ఉన్న పాఠమూ, అచ్చు తీసుకోదగిన పాఠ్యమూ తప్పనిసరిగా ఉండాలి. కళ్లు లేని విద్యార్థికీ ఇవే ఆధారం.

మదింపు విషయం మరింత చిక్కు. ఇంటివద్ద రాసే వ్యాసాన్ని ఇవాళ యంత్రమే రాసిపెడుతుంది. దిద్దడం కూడా యంత్రానికే అప్పగించాలని మరోవైపు ఉత్సాహం. యంత్రం రాసింది యంత్రం దిద్దితే మధ్యలో విద్యార్థి ఎందుకు? పదిమంది జట్టులో తన వాదనను నోటితో చెప్పి, ప్రశ్నలకు నిలబడి, ఆ తర్వాత రాసిన రాతకే విలువ ఇవ్వడం ఒక మార్గం. ఒక్కో వ్యాసాన్ని ముగ్గురు నలుగురు తోటివారు చదవడం, వారికి ముందుగా నమూనా వ్యాసం ఇచ్చి చదవడంలో తర్ఫీదు ఇవ్వడం అవసరం. 'బాగుంది' అన్న వ్యాఖ్య చెల్లదని మొదటి వారమే చెప్పాలి. మన పుస్తక సమీక్షలకు కూడా ఈ నియమం పెడితే బాగుండును.

హక్కుల సంగతి రచయితలు ముఖ్యంగా పట్టించుకోవాలి. గురజాడ 1915లో మరణించారు గనుక మూలపాఠం అందరి సొత్తు. శ్రీశ్రీ 1983లో మరణించారు. మన చట్టం ప్రకారం రచయిత మరణానంతరం అరవయ్యేళ్లు హక్కు ఉంటుంది, అంటే 2043 చివరిదాకా. తరగతిగదికి చట్టం ఇచ్చే వెసులుబాటు లోకమంతా చూసే కోర్సుకు వర్తిస్తుందని ధైర్యంగా చెప్పలేం. అనుమతుల చిక్కుకు భయపడి పాతవాటినే పట్టుకుంటే, సమకాలీన స్త్రీవాద, దళిత, మైనారిటీ రచనలు కోర్సుల్లోంచి చల్లగా జారిపోతాయి. ఇది ఎవరూ నిషేధించకుండానే జరిగే నిషేధం. బతికున్న రచయితకు బోధనకోసం అనుమతి ఇవ్వడమూ, దానికి తగిన పారితోషికం పొందడమూ రెండూ హక్కులే. కోర్సులో వాడుకునే భాగానికి ఒక ఉమ్మడి ఒప్పందపత్రం రచయితల సంఘాలు తయారుచేయగలవు.

అలాగే పాఠం తయారుచేసిన అధ్యాపకుడి సంగతి. తన వీడియోను ఎన్నేళ్లు వాడతారు, ఎక్కడెక్కడ వాడతారు, అభిప్రాయం మారితే దాన్ని ఉపసంహరించుకునే హక్కు తనకుందా అన్నవి ముందుగా రాసుకోవాలి. 'ఈ పాఠాన్ని అధ్యాపకుడికి బదులుగా వాడరాదు, అధ్యాపకుడికి తోడుగా వాడవచ్చు' అన్న షరతును బృందం ఒప్పందంలో పెట్టవచ్చు. దాన్ని ఎంతమంది పాటిస్తారన్నది వేరే పోరాటం.

చివరికి సవరణ. ఒకసారి రికార్డు చేసిన పాఠం ఏళ్లతరబడి మార్పు లేకుండా తిరుగుతుంటే, దానితోపాటు ఆనాటి అభిప్రాయమూ గడ్డకట్టుకుపోతుంది. ప్రతి సంవత్సరం విద్యార్థులు ఎక్కడ ఆగిపోయారు, ఏ ప్రశ్నను అపార్థం చేసుకున్నారు, ఏ వ్యాసం బృందానికే కొత్త సంగతి నేర్పింది అన్నవి చూసి కోర్సులో కనీసం రెండు వారాల పాఠాన్నయినా తిరగరాయాలి. మంచి విద్యార్థి వ్యాసాలను వారి అనుమతితో, వారి పేరుతో మరుసటి ఏడు పాఠ్యంలో చేర్చాలి. సవరణ కమిటీలో కనీసం ముగ్గురు నిరుడు ఆ కోర్సు చదివినవారు ఉండాలి – ఒకరైనా మధ్యలో మానేసినవారై ఉండాలి – వారికి దారిఖర్చులతోపాటు అధ్యాపకుడికిచ్చే పారితోషికమే ఇవ్వాలి.